శస్త్రచికిత్సానంతర గృహసంరక్షణలో దూరవైద్యం: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

శస్త్రచికిత్స పూర్తయి రోగి ఇంటికి చేరిన తరువాతి ముప్పై రోజులు వైద్యపరంగా కీలకమైనవి. గాయంలో చీము చేరడం, రక్తనాళాలలో గడ్డలు ఏర్పడడం, మందుల వాడకంలో పొరపాట్లు జరగడం వంటివి ఈ కాలంలోనే తరచుగా బయటపడతాయి. అయితే ఆ సమయానికి రోగి వైద్యుని కంటికి దూరంగా ఉంటాడు. ఈ ఎడమను పూరించడానికి ఇంటి నుండే వైద్యునితో అనుసంధానం కల్పించే దూరవైద్య పద్ధతులు ఎంతవరకు ఉపకరిస్తాయో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. కెనడా, స్కాట్లాండ్ దేశాలలో జరిగిన రెండు అధ్యయనాల ఫలితాలను, భారతదేశంలోని 2020 నాటి టెలిమెడిసిన్ నియమావళిని పరిశీలించి, తెలుగు రాష్ట్రాలలో ఈ పద్ధతి ఎదుర్కొనే భాషాపరమైన, సామాజికమైన ప్రశ్నలను ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: దూరవైద్యం, శస్త్రచికిత్స, గృహసంరక్షణ, గాయం, ఈ-సంజీవని, బాధావాచకాలు, పథ్యం.

1. ప్రవేశిక:

ఆసుపత్రి నుండి డిశ్చార్జి అయ్యే రోజున రోగి చేతికి ఒక కాగితం ఇస్తారు. చేసిన శస్త్రచికిత్స పేరు, వాడవలసిన మందులు, మళ్లీ రావలసిన తేదీ అందులో ఉంటాయి. చాలాచోట్ల ఆ కాగితం ఇంగ్లీషులోనే ఉంటుంది. కుట్లు విప్పడానికి వారం పదిరోజుల తరువాత రమ్మంటారు. ఈ మధ్యకాలంలో గాయం మానుతున్నదో, చెడుతున్నదో గమనించే బాధ్యత ఇంట్లోని వారిపై పడుతుంది. అనుమానం కలిగినప్పుడు వారికి ఉన్న మార్గాలు రెండే. ఒకటి, ఆటో మాట్లాడుకుని, ఒకరోజు కూలి వదులుకుని, పట్టణంలోని ఆసుపత్రికి తిరిగి వెళ్లడం. రెండు, ఇంకో రోజు చూద్దామని ఊరుకోవడం. అధికసంఖ్యాకులు రెండవ మార్గాన్నే ఎంచుకుంటారు. అందుకు కారణం అజ్ఞానం అని తేల్చివేయడం సులభమే గాని, దూరం, ఖర్చు, వెంట వచ్చే మనిషి దొరకకపోవడం అనేవి అంతకంటే బలమైన కారణాలు.

ఈ సమస్య పరిమాణాన్ని ప్రపంచస్థాయి అంచనాలు తెలియజేస్తాయి. 2012 సంవత్సరంలో ప్రపంచవ్యాప్తంగా సుమారు 31 కోట్ల శస్త్రచికిత్సలు జరిగినట్లు ఒక అంచనా. శస్త్రచికిత్స జరిగిన ముప్పై రోజులలోపు ఏటా 42 లక్షల మంది మరణిస్తున్నారని, ఇది మొత్తం మరణాలలో 7.7 శాతమని 2019లో 'ది లాన్సెట్' పత్రికలో ప్రచురితమైన విశ్లేషణ పేర్కొన్నది. ఈ మరణాలన్నీ ఇంటివద్ద సంభవించినవి కావు; వాటిలో ఆసుపత్రిలో సంభవించినవీ ఉన్నాయి. అయినప్పటికీ కత్తి కిందపెట్టడంతో చికిత్స ముగియదనే సత్యాన్ని ఈ అంకెలు స్పష్టం చేస్తున్నాయి.

2. దూరవైద్యం - స్వరూపం:

'టెలి' అనే గ్రీకు పదానికి దూరం అని అర్థం. వైద్యుడు, రోగి వేర్వేరు చోట్ల ఉన్నప్పుడు సమాచార సాంకేతికత ద్వారా అందించే వైద్యసేవను టెలిమెడిసిన్ అంటున్నారు. తెలుగులో దీనికి 'దూరవైద్యం' అనే పదం వాడుకలోకి వస్తున్నది. శస్త్రచికిత్సానంతర సంరక్షణ దృష్ట్యా దీనిని మూడు విధాలుగా విభజించుకోవచ్చు.

అ) సమకాలిక పద్ధతి: రోగి, వైద్యుడు ఒకే సమయంలో ఫోను ద్వారా గాని, వీడియో ద్వారా గాని మాట్లాడుకోవడం. గాయాన్ని చూపించడం, నడక చూపించడం, మందుల సీసాలను కెమెరా ముందు పెట్టి ఏది ఎప్పుడు వేసుకుంటున్నారో చెప్పడం ఇందులోకి వస్తాయి.

ఆ) అసమకాలిక పద్ధతి: రోగి గాయం ఫోటో తీసి, కొన్ని ప్రశ్నలకు సమాధానాలు నింపి పంపితే, వైద్యబృందం తమకు వీలైన సమయంలో పరిశీలించి బదులివ్వడం. ఇంటర్నెట్ వేగం తక్కువగా ఉన్నచోట ఇది ఉపయోగకరం.

ఇ) దూరపర్యవేక్షణ: రక్తపోటు, నాడి, ఆక్సిజన్ శాతం, ఉష్ణోగ్రత, బరువు వంటివాటిని ఇంటివద్దనే పరికరాలతో కొలిచి, ఆ విలువలు తమంతట తామే ఆసుపత్రికి చేరేటట్లు ఏర్పాటు చేయడం.

ఈ మూడింటిలో ఏదైనా ఒకదానినే వాడాలనే నియమం లేదు. పూర్తిస్థాయి కార్యక్రమాలలో మూడూ కలిసే ఉంటాయి.

3. ఇంటికి చేరిన తరువాత గమనించవలసిన అంశాలు:

దూరవైద్యం దేనిని గమనించాలో తెలియాలంటే, శస్త్రచికిత్స తరువాత శరీరంలో జరిగే మార్పుల క్రమం తెలియాలి. మొదటి రెండు మూడు రోజులలో గాయం అంచులు కొద్దిగా ఎరుపెక్కడం, వాపు, నొప్పి సహజం. ఇవి శరీరం మరమ్మతు పని మొదలుపెట్టిందనడానికి గుర్తులు. సహజంగా మానే గాయంలో ఈ లక్షణాలు రోజురోజుకు తగ్గుముఖం పడతాయి. తగ్గుతూ వచ్చిన నొప్పి నాలుగైదు రోజుల తరువాత మళ్లీ పెరగడం మొదలైతే అది హెచ్చరిక. గాయంలో సూక్ష్మజీవుల సంక్రమణ తరచుగా అయిదవ రోజుకు, పదవ రోజుకు మధ్య బయటపడుతుంది. శస్త్రచికిత్స జరిగిన ముప్పై రోజులలోపు వచ్చే సంక్రమణను, కృత్రిమ కీలు వంటివి అమర్చిన సందర్భాలలో కొన్నిటికి తొంభై రోజుల వరకు వచ్చేదానిని శస్త్రచికిత్సా గాయ సంక్రమణగానే పరిగణిస్తారు. రోగి ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గుతున్నకొద్దీ ఈ సంక్రమణలు ఇంటివద్ద బయటపడే అవకాశం పెరుగుతున్నది.

వెంటనే వైద్యునికి తెలియజేయవలసిన ప్రధాన లక్షణాలు ఇవి:

- 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన జ్వరం.
- తగ్గి మళ్లీ పెరుగుతున్న నొప్పి.
- గాయం చుట్టూ వ్యాపిస్తున్న ఎరుపు, వేడి, గట్టిదనం. గాయం నుండి చీము గాని, దుర్వాసన గల స్రావం గాని రావడం.
- కుట్లు విడిపోవడం, గాయం నోరు తెరచుకోవడం.
- ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పుట్టడం. హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో నొప్పి రావడం.
- పొట్ట శస్త్రచికిత్స తరువాత ఆగని వాంతులు, పొట్ట ఉబ్బరం.

చివరి రెండింటి విషయంలో ఒక స్పష్టత అవసరం. కాలిలోని రక్తపు గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరడం ప్రాణాంతకం. హఠాత్తుగా ఆయాసం వచ్చినప్పుడు వీడియో కాల్ కోసం వేచి ఉండరాదు; నేరుగా అత్యవసర వైద్యానికి వెళ్లాలి. దూరవైద్యం ఎప్పుడు పనికిరాదో రోగికి ముందుగా చెప్పడం కూడా దూరవైద్యంలో భాగమే.

4. పనిచేసే విధానం:

సక్రమంగా నడిచే కార్యక్రమంలో నాలుగు దశలు కనిపిస్తాయి.

మొదటి దశ డిశ్చార్జికి ముందే మొదలవుతుంది. రోగికి, ఇంట్లో సేవచేసే వ్యక్తికి పరికరాలు వాడడం, గాయాన్ని వెలుతురులో ఫోటో తీయడం నేర్పి, వారిచేత ఒకసారి చేయించి చూడాలి. డిశ్చార్జి నాటి గాయం ఫోటోను దాచి ఉంచితే తరువాతి ఫోటోలను దానితో పోల్చవచ్చు.

రెండవ దశ నిత్య సమాచార సేకరణ. రోజూ ఒకే సమయంలో, ఒకే ప్రశ్నలు అడగడం వల్ల మార్పు తెలుస్తుంది. ఒక్కరోజు నాడి నిమిషానికి 96 అని తెలిస్తే దాని అర్థం పరిమితం. మూడు రోజులుగా 78, 86, 96 అని పెరుగుతూ వస్తే అది చెప్పే కథ వేరు.

మూడవ దశ వడపోత. వచ్చిన ప్రతి అంకెనూ శస్త్రవైద్యుడు చూడడం సాధ్యం కాదు. ముందుగా నిర్ణయించిన హద్దులు దాటిన సమాచారాన్ని శిక్షణ పొందిన నర్సు గుర్తించి, రోగితో మాట్లాడి, అవసరమైతే వైద్యునికి నివేదిస్తుంది.

నాలుగవ దశ స్పందన. మందు మార్చడం, పరీక్ష చేయించడం, వచ్చి చూపించుకోమనడం, లేదా ఇది సహజమేనని ధైర్యం చెప్పడం. ఈ నాలుగవ దశ లేకపోతే మొదటి మూడు దశలు కేవలం లెక్కల పోగుగా మిగిలిపోతాయి. ఈ విషయాన్ని కింది అధ్యయనం నిరూపిస్తున్నది.

5. పరిశోధనల ఫలితాలు:

5.1 కెనడా అధ్యయనం:

కోవిడ్ మొదటి విడత సమయంలో, 2020లో, కెనడాలోని 8 ఆసుపత్రులలో 'పీవీసీ-ర్యామ్-1' అనే యాదృచ్ఛిక అధ్యయనం జరిగింది. ముందుగా నిర్ణయించుకున్నవి కాక, వాయిదా వేయడానికి వీలులేని శస్త్రచికిత్సలు చేయించుకున్న 905 మంది ఇందులో పాల్గొన్నారు. ఫలితాలు 2021లో 'బీఎంజే' పత్రికలో వెలువడ్డాయి. ఒక వర్గానికి టాబ్లెట్‌ను, శరీర స్థితిని కొలిచే పరికరాలను ఇచ్చారు. మొదటి పదిహేను రోజులు ప్రతిరోజూ, తరువాత ముప్పయ్యవ రోజు వరకు రోజు విడిచి రోజు నర్సు వారితో మాట్లాడింది. రెండవ వర్గానికి యథాప్రకారం సంరక్షణ లభించింది.

31 రోజులలో రోగి సజీవుడై ఇంటివద్ద గడిపిన దినాలు ఎన్ని అన్నది ఈ అధ్యయనపు ప్రధాన ప్రమాణం. అది దూరవైద్య వర్గంలో 29.7, మామూలు వర్గంలో 29.5. అంటే చెప్పుకోదగిన తేడా లేదు. ఈ ఒక్క అంకెతో ఆగిపోతే దూరవైద్యం నిష్ఫలమని తీర్మానించవలసివస్తుంది. మిగిలిన ఫలితాలు వేరొక కోణాన్ని చూపుతాయి. ఆసుపత్రిలో అత్యవసర సంరక్షణ అవసరమైనవారు దూరవైద్య వర్గంలో 22.0 శాతం, మామూలు వర్గంలో 27.3 శాతం. మందుల వాడకంలో పొరపాటు గుర్తింపబడినవారు దూరవైద్య వర్గంలో 29.7 శాతం కాగా, మామూలు వర్గంలో 5.5 శాతం మాత్రమే. నొప్పితో బాధపడుతున్నామని చెప్పినవారు కూడా దూరవైద్య వర్గంలో తక్కువ.

మందుల పొరపాట్లకు సంబంధించిన అంకెను జాగ్రత్తగా చదవాలి. దూరవైద్యం వల్ల పొరపాట్లు పెరిగాయని దాని అర్థం కాదు. రోగులను యాదృచ్ఛికంగా విభజించారు కనుక పొరపాట్లు రెండు వర్గాలలోనూ దాదాపు సమానంగానే ఉండి ఉంటాయని భావించవచ్చు. ఒక వర్గంలో అడిగేవారు ఉన్నారు కనుక అవి బయటపడ్డాయి. రెండవ వర్గంలో అడిగేవారు లేరు. మనం చూడని పొరపాటు లేని పొరపాటు కాదని ఈ అంకె గుర్తుచేస్తున్నది.

మరొక పరిశీలన మరింత విలువైనది. నర్సులు గుర్తించిన సమస్యలను వైద్యులకు నివేదించి, చికిత్సలో మార్పు చేసిన సందర్భాలు ఎక్కువగా ఉన్న కేంద్రాలలోనే ప్రయోజనం ఎక్కువగా కనిపించింది. ఒకే కార్యక్రమం అమలైనప్పటికీ ఫలితం స్పందననుబట్టి మారింది.

5.2 ఎడిన్‌బరో అధ్యయనం:

స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకులు అత్యవసర ఉదర శస్త్రచికిత్స చేయించుకున్న 492 మందిపై జరిపిన 'ట్విస్ట్' అధ్యయనం 2021లో ప్రచురితమైంది. దీనిలో ఖరీదైన పరికరాలేవీ లేవు. రోగి సొంత స్మార్ట్‌ఫోనే సాధనం. గాయం గురించిన ప్రశ్నలకు బదులిచ్చి, ఫోటో పంపితే వైద్యబృందం పరిశీలిస్తుంది. ముప్పై రోజుల మొత్తం కాలాన్ని తీసుకుంటే సంక్రమణను గుర్తించడానికి పట్టిన సమయంలో గణనీయమైన తేడా లేదు. అయితే మొదటి ఏడు రోజులలోనే సంక్రమణ నిర్ధారణ అయ్యే అవకాశం స్మార్ట్‌ఫోను వర్గంలో సుమారు 3.7 రెట్లు ఎక్కువగా ఉన్నది. స్థానిక వైద్యకేంద్రాలకు తిరగవలసిన అవసరం కూడా ఈ వర్గంలో తగ్గింది.

ఈ రెండు అధ్యయనాలను కలిపి చూస్తే, దూరవైద్యం అద్భుతాలు చేయదుగాని సమస్యను ముందుగా పట్టుకుంటుంది, అనవసర ప్రయాణాన్ని తగ్గిస్తుంది, మందుల పొరపాట్లను వెలికితీస్తుంది అని చెప్పవచ్చు. ఇవి సంపన్న దేశాలలో, ప్రతి పౌరునికీ ప్రభుత్వ వైద్యం అందే వ్యవస్థలలో వచ్చిన ఫలితాలు. మన పరిస్థితులకు వీటిని యథాతథంగా అన్వయించరాదు.

6. భారతదేశంలో నియమావళి:

2020 మార్చి 25న భారత ప్రభుత్వం టెలిమెడిసిన్ ప్రాక్టీస్ మార్గదర్శకాలను వెలువరించింది. నీతి ఆయోగ్‌తో కలిసి, అప్పటి భారత వైద్యమండలి స్థానంలో పనిచేస్తున్న పాలకమండలి వీటిని రూపొందించింది. శస్త్రచికిత్సానంతర సంరక్షణకు సంబంధించినంతవరకు వీటిలో ముఖ్యమైనవి:

అ) వీడియో, ఆడియో, లిఖిత సందేశం అనే మూడు మార్గాలకూ అనుమతి ఉన్నది. ఏది తగినదో వైద్యుడే నిర్ణయిస్తాడు. ప్రత్యక్షంగా చూడవలసిన అవసరం ఉందనిపిస్తే రోగిని రమ్మని చెప్పే అధికారం వైద్యునికి ఎప్పుడూ ఉంటుంది.

ఆ) తొలి సంప్రదింపు, అనుసరణ సంప్రదింపు అనే విభజన ఉన్నది. అదే సమస్యకు ఆరు నెలలలోపు అదే వైద్యుడు ప్రత్యక్షంగా చూసి ఉంటే అది అనుసరణ సంప్రదింపు అవుతుంది. ఇందులో మందులు సూచించే వెసులుబాటు ఎక్కువ. శస్త్రచికిత్స చేసిన వైద్యునితో రోగి జరిపే సంభాషణ సహజంగా ఈ కోవలోకి వస్తుంది.

ఇ) మత్తు కలిగించే కొన్ని వర్గాల మందులను దూరవైద్యం ద్వారా సూచించడం నిషిద్ధం. కనుక తీవ్రమైన నొప్పికి వాడే కొన్ని మందుల కోసం రోగి ప్రత్యక్షంగా రావలసిందే.

ఈ) రోగి తానే సంప్రదింపు మొదలుపెడితే అంగీకారం ఉన్నట్లే భావిస్తారు. ఆరోగ్య కార్యకర్త గాని, సంరక్షకుడు గాని, వైద్యుడు గాని మొదలుపెడితే స్పష్టమైన అంగీకారాన్ని నమోదు చేయాలి.

ఉ) కృత్రిమ మేధపై ఆధారపడిన వేదికలు తామే రోగికి సలహా ఇవ్వడం, మందులు సూచించడం కూడదు. అవి వైద్యునికి సహాయపడవచ్చు.

ఈ మార్గదర్శకాలను తెలుగులో వివరించేవారు ఒక పదం విషయంలో జాగ్రత్త వహించాలి. ఇంగ్లీషు మూలంలో 'ఆర్‌ఎంపీ' అంటే వైద్యమండలిలో నమోదైన వైద్యుడు. తెలుగు పల్లెలలో 'ఆర్‌ఎంపీ డాక్టరు' అంటే వైద్యపట్టా లేకుండా ప్రథమచికిత్స చేసే వ్యక్తి. ఒకే సంక్షిప్తపదానికి రెండు వ్యతిరేకార్థాలు ఏర్పడ్డాయి. అనువాదంలో 'నమోదిత వైద్యుడు' అని విడమరచి చెప్పకపోతే ఈ నియమాల భావమే తలకిందులవుతుంది.

7. తెలుగు రాష్ట్రాలలో దూరవైద్యం:

7.1 అరగొండ నుండి ఈ-సంజీవని వరకు:

దేశంలో దూరవైద్య చరిత్రలో చిత్తూరు జిల్లా అరగొండకు ప్రత్యేక స్థానం ఉన్నది. 2000 మార్చి 24న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ అరగొండ గ్రామీణ ఆసుపత్రిలోని అపోలో దూరవైద్య కేంద్రాన్ని ప్రారంభించారు. 2019 నవంబరులో కేంద్ర ప్రభుత్వం చేపట్టిన ఈ-సంజీవని వ్యవస్థను ఆరోగ్య, వెల్‌నెస్ కేంద్రాలలో మొదట అమలు చేసిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. మొహాలీలోని సీ-డాక్ సంస్థ దీనిని రూపొందించింది. 2020 ఏప్రిల్‌లో రోగి ఇంటి నుండే సంప్రదించే ఓపీడీ విభాగం దీనికి తోడైంది.

ఈ వ్యవస్థ ప్రాథమిక వైద్యానికి ఉద్దేశించినది. పల్లె కేంద్రంలోని ఆరోగ్య కార్యకర్త హబ్‌లో అందుబాటులో ఉన్న వైద్యునితో రోగిని కలుపుతారు. శస్త్రచికిత్స రోగికి కావలసింది తన పొట్టనో, మోకాలినో కోసిన వైద్యుడు, లేదా కనీసం ఆ శస్త్రచికిత్స వివరాలు చేతిలో ఉన్న వైద్యుడు. ఈ రెంటినీ కలిపే వంతెన ఇంకా పటిష్ఠం కావలసి ఉన్నది.

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పేదలకు ఖరీదైన శస్త్రచికిత్సలను అందుబాటులోకి తెచ్చింది. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం శస్త్రచికిత్స తరువాతి విశ్రాంతికాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 రూపాయలకు మించకుండా ఇచ్చే భృతిని ప్రవేశపెట్టింది. కోలుకునే కాలం కూడా చికిత్సలో అంతర్భాగమని ప్రభుత్వపరంగా గుర్తించినట్లు దీనిని భావించవచ్చు. ఆ కాలంలో రోగి కూలి నష్టాన్ని గుర్తించిన వ్యవస్థ, అదే కాలంలో రోగి గాయాన్ని గమనించే ఏర్పాటును కూడా చేయగలిగితే అది సహజమైన కొనసాగింపు అవుతుంది.

7.2 బాధను చెప్పే భాష:

ప్రత్యక్ష పరీక్షలో వైద్యుడు తాకి చూస్తాడు. దూరవైద్యంలో తాకే అవకాశం లేదు కనుక మాట ప్రధాన సాధనమవుతుంది. ఇక్కడ తెలుగు భాషాధ్యయనం చేసేవారికి పని ఉన్నది.

ఇంగ్లీషు ప్రశ్నావళులు నొప్పిని సున్న నుండి పది వరకు అంకెలలో చెప్పమంటాయి. తెలుగు రోగి నొప్పిని పరిమాణంతో కాక స్వభావంతో చెప్పడానికి ఇష్టపడతాడు. కుట్లు 'లాగుతున్నాయి' అంటే, తెలంగాణలో 'గుంజుతున్నయి' అంటే, తరచుగా అది మానుతున్న గాయం బిగుతు. 'సలుపుతోంది' అంటే వేరు. చీము పట్టే గడ్డకు వాడే మాట అది. గాయం విషయంలో రోగి ఆ మాట వాడినప్పుడు వైద్యుడు చెవి ఒగ్గాలి. 'పోటు' లోపల పొడిచినట్లుండే నొప్పి. 'మంట' చర్మంపైది కావచ్చు, మూత్రానిది కావచ్చు. గాయం నుండి వచ్చే స్రావానికి 'రసి', 'చీము' అని రెండు మాటలున్నాయి. పలుచని రసి కొద్దిగా రావడం, చిక్కని చీము రావడం వైద్యపరంగా వేర్వేరు స్థితులు. 'గాయం నుండి స్రావం ఉందా?' అన్న అనువాద ప్రశ్నకు ఔనని సమాధానం వస్తే ఈ భేదం మరుగున పడుతుంది.

మాట వల్ల ప్రమాదం కూడా ఉన్నది. ఛాతీలో బిగపట్టినట్లుంటే చాలామంది 'గ్యాస్ పట్టింది' అంటారు. ఆయాసాన్ని తెలంగాణలో 'దమ్ము' అంటారు. థర్మామీటరులో కనిపించని వేడిని 'లోజ్వరం' అంటారు. ఈ మాటలు తెలియని నర్సు గాని, యంత్రం గాని వీటిని నమోదు చేయలేవు. 'అమ్మా, నొప్పి ఉందా?' అని అడిగితే పెద్దావిడ 'ఏదో ఉందిలే నాయనా' అంటుంది. 'నిన్నటికంటే ఈరోజు ఎక్కువా, తక్కువా? లాగుతోందా, సలుపుతోందా?' అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. మాండలిక పదకోశాల నుండి బాధావాచకాలను సేకరించి, శస్త్రవైద్యులతో కలిసి కూర్చుని ప్రశ్నావళులను రూపొందించడం తెలుగు శాఖలు చేపట్టదగిన పరిశోధన.

7.3 పథ్యం:

శస్త్రచికిత్స తరువాత పప్పు తింటే చీము పడుతుందన్న నమ్మకం తెలుగునాట బలంగా ఉన్నది. వంకాయ, గోంగూర, మాంసం కూడా కొన్ని ఇళ్లలో నిషేధం. ఫలితంగా రోగి వారాల తరబడి పాలు, రొట్టె, చారన్నంతో గడుపుతాడు. గాయం మానడానికి మాంసకృత్తులు అవసరమైన సమయంలోనే అవి తగ్గిపోతాయి. పప్పుకు, చీముకు సంబంధం ఉన్నట్లు వైద్యశాస్త్రంలో ఆధారం లేదు. అయితే ఆసుపత్రిలో వైద్యుడు 'అన్నీ తినవచ్చు' అని ఒక్కమాటలో చెప్పి వెళ్లిపోతే ఇంట్లో అమ్మమ్మ మాటే నెగ్గుతుంది. ఇంటికి చేరిన మూడవ రోజున వీడియోలో 'ఈ పూట ఏం తిన్నారు?' అని అడిగే నర్సుకు, పక్కనే ఉన్న అమ్మమ్మతో కూడా మాట్లాడే అవకాశం దొరుకుతుంది. వంట చేసే వ్యక్తితో వైద్యవ్యవస్థ నేరుగా మాట్లాడగలగడం గృహ దూరవైద్యంలో అంతగా చర్చకు రాని ప్రయోజనం.

7.4 ఫోను ఎవరి చేతిలో ఉన్నది?

అనేక కుటుంబాలలో స్మార్ట్‌ఫోను ఒక్కటే ఉంటుంది. అది భర్త దగ్గరో, కొడుకు దగ్గరో ఉంటుంది. సిజేరియన్ గాయాన్ని, రొమ్ము శస్త్రచికిత్స గాయాన్ని ఆ ఫోనులో ఫోటో తీసి పంపమని స్త్రీని అడగడం చిన్న విషయం కాదు. ఆ ఫోటో ఫోనులో మిగిలిపోతుంది, ఇతరుల కంటబడవచ్చు. సంకోచంతో ఆమె ఫోటో పంపకపోతే రికార్డులో 'రోగి సహకరించలేదు' అని నమోదవుతుంది. ఫోనులో దాచకుండా నేరుగా ఆసుపత్రికి చేరే ఫోటో విధానం, స్త్రీ వైద్యసిబ్బంది, ఏఎన్ఎం గాని, ఆశా కార్యకర్త గాని ఇంటికి వచ్చి సహాయపడే ఏర్పాటు ఇందుకు పరిష్కారాలు. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అంగీకారానికి ప్రాధాన్యమిచ్చింది. ఇంటి పెద్ద ఇచ్చే అంగీకారం ఆ స్త్రీ అంగీకారానికి ప్రత్యామ్నాయం కాదని గ్రహించాలి.

8. పరిమితులు:

దూరవైద్యానికి కొన్ని స్వాభావిక పరిమితులు ఉన్నాయి. పొట్ట గట్టిగా ఉన్నదా, గాయం కింద ద్రవం చేరిందా అన్నది తాకితేగాని తెలియదు. చామనఛాయ, నల్లని చర్మంపై ఎరుపు ఫోటోలో స్పష్టంగా కనిపించదు. పాఠ్యగ్రంథాలు చెప్పే 'ఎరుపు' తెల్లని చర్మాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినది. మన రోగుల విషయంలో వేడి, వాపు, రంగు ముదరడం గురించి అడగాలి. వేలికి తగిలించే ఆక్సిమీటరు నల్లని చర్మం గలవారిలో ఆక్సిజన్‌ను ఉన్నదానికంటే ఎక్కువగా చూపే అవకాశం ఉన్నదని 2020లో 'న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో వెలువడిన పరిశీలన తెలిపింది.

సిబ్బంది సమస్య మరొకటి. రోజంతా శస్త్రచికిత్సలు చేసిన వైద్యుడు రాత్రి ఫోటోలు చూడాలంటే, ఆ పనికి కేటాయించిన సమయం, వేతనం ఉండాలి. అవి లేనిచోట దూరవైద్యం వ్యక్తిగత ఉదారతగా కొద్దికాలం సాగి ఆగిపోతుంది. అంతేగాక, వైద్యుడు చూస్తున్నాడన్న నమ్మకంతో రోగి ఫోటో పంపి ఎదురుచూస్తుండగా దానిని ఎవరూ తెరవకపోతే, ఏ ఏర్పాటూ లేనప్పటికంటే ఎక్కువ హాని జరుగుతుంది. ఏర్పాటు లేనప్పుడు కనీసం ఆటో ఎక్కేవాడు.

9. ముగింపు:

పై చర్చ ద్వారా తేలిన అంశాలు ఇవి:

- శస్త్రచికిత్స తరువాతి నెలరోజులు చికిత్సలో అంతర్భాగం. ఆ కాలంలో రోగిని గమనించే వ్యవస్థ మన వద్ద బలహీనంగా ఉన్నది.
- గృహ దూరవైద్యం సమస్యలను ముందుగా గుర్తించడానికి, మందుల పొరపాట్లను బయటపెట్టడానికి, ప్రయాణభారాన్ని తగ్గించడానికి ఉపకరిస్తుందని అధ్యయనాలు సూచిస్తున్నాయి. మరణాలను, ఆసుపత్రి దినాలను నాటకీయంగా తగ్గిస్తుందని అవి చెప్పడం లేదు.
- పరికరాల సంఖ్యకంటే, వచ్చిన సమాచారానికి స్పందించే మనుషుల సంఖ్య ఫలితాన్ని నిర్ణయిస్తుంది.
- తెలుగు రాష్ట్రాలలో ఈ-సంజీవని, ఆరోగ్యశ్రీ, గ్రామస్థాయి ఆరోగ్య సిబ్బంది అనే మూడు పునాదులు ఇప్పటికే ఉన్నాయి. వాటిని శస్త్రవైద్యునితో అనుసంధానించడమే మిగిలిన పని.
- తెలుగులో బాధావాచకాలు, పథ్యపు నమ్మకాలు, ఫోనుపై స్త్రీ అధికారం అనేవి ఈ రంగంలో పక్కన పెట్టదగిన విషయాలు కావు. ఇవి వైద్య, భాషా, సామాజికశాస్త్ర విభాగాలు కలిసి చేయవలసిన పరిశోధనకు అవకాశం కల్పిస్తున్నాయి.

డిశ్చార్జి కాగితంపై రెండు వాక్యాలను తెలుగులో చేర్చడంతో ఈ పని మొదలుపెట్టవచ్చు: ఏ లక్షణం కనిపిస్తే ఏ నంబరుకు ఫోను చేయాలి, ఏ లక్షణం కనిపిస్తే ఫోను చేయకుండా వెంటనే బయలుదేరాలి. ఆ నంబరుకు అవతలివైపు పలికే మనిషి ఉండేటట్లు చూడడం ఆసుపత్రి బాధ్యత.